కారు షెడ్డులో బావగారు

చావుబతుకుల్లో ఉన్న మనిషిని మేడ మీద గదిలోంచి కిందికి దింపించి, కారు షెడ్డులో పడుకోబెట్టించారు. అద్దె ఇల్లు కాబట్టి అందులో చావడానికి వీల్లేదన్నారు. ఆయన ఆ షెడ్డులోనే పోయారు.

ఈ సంగతి నేను చాలామందికి చెప్పాను. విన్నవాళ్ళు "అయ్యో" అన్నారు. ఆ వెంటనే "పట్నాల్లో అంతేనండి" అని కూడా అన్నారు. ఆ "అంతే" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అన్యాయాన్ని అన్యాయమని ఒప్పుకుంటే ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది. "అంతే" అనేస్తే కండువా దులుపుకుని ఇంటికి పోవచ్చు.

మొన్న అమలాపురంలో ఒక సభకి వెళ్ళాను. బాగా చదువుకున్న పెద్దమనిషి ఒకాయన పట్నవాసంలోని కష్టాల గురించి మాట్లాడారు. పొగ అన్నారు, దుమ్మన్నారు, దోమలన్నారు. కుళాయి దగ్గర బిందెల యుద్ధం గురించి చెప్తే జనం నవ్వారు. పాలవాడి గురించి చెప్తే చప్పట్లు కొట్టారు. నేను బడికి వెళ్ళినవాణ్ని కాను. మా కొట్లో బెల్లం పొట్లాలు కట్టే కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నవాణ్ని. అయినా సభల్లో లేచి అడగడానికి ఎప్పుడూ జంకలేదు. ఆరోజు మాత్రం లేవబోయి మళ్ళీ కూర్చున్నాను. "అయ్యా, పట్నంలో బతకడం కష్టమని చెప్పారు, సరే. చావడం సంగతి చెప్పలేదేం?" అని అడగాలనుకున్నాను. అక్కడ అడగలేకపోయాను. అందుకని ఇంటికొచ్చి ఇలా రాస్తున్నాను.

ఆ షెడ్డులో పోయినాయన్ని మా ఊరంతా బావగారు అనేది. అసలు ఎవరికి బావగారో ఎవరికీ తెలియదు. ముసలివాళ్ళూ బావగారనేవారు, వాళ్ళ మనవలూ బావగారనేవారు. ఆయనా ఎదురుపడ్డ ప్రతి మగవాణ్నీ "బావగారూ" అనే పిలిచేవారు. ఆడవాళ్ళయితే నెత్తి మీద గడ్డిమోపు ఉన్నా, చేతిలో పలక ఉన్నా "అత్తయ్యగారూ" అనేవారు. పలక చేతిలో ఉన్న అత్తయ్యగార్లు సిగ్గుపడి పారిపోయేవారు.

మాది కొత్తపేట దాటాక గోదావరి పాయని ఆనుకున్న ఊరు. ఆయన ఇల్లు ఊరికెదురుగా ఉన్న లంకలో. కాస్త అరటితోట, దాని మధ్య కందా పెండలం. పొట్టి మనిషి. తల నేరుగా భుజాల మీదే పెట్టినట్టుండేది. కుడి భుజం మీద రూపాయంత కాయ కాసి నల్లబడిపోయింది. కావిడి మోసి కాసిందని ఆయనా, పాడెలు మోసి కాసిందని ఊరివాళ్ళూ అనేవారు.

ఊళ్ళో ఎవరు పోయినా ముందుగా వచ్చేది బావగారే. పొద్దున్నే అయినా, ముసురుపట్టినా, ఏడుపు వినపడితే చాలు, మొల్లో చిన్న కత్తి దోపుకుని పడవెక్కేవారు. ఎవరూ కబురు చెయ్యక్కర్లేదు. ఒకసారి ఎవరో మర్యాదకి, "మీకు కబురు పెట్టలేకపోయేమండీ బావగారూ" అన్నారు. ఆయనకి కోపం వచ్చింది.

"పెళ్ళికి పిలుపు కావాలండీ. పిలవకపోతే అలుగుతాం కూడాను. చావుకి పిలుపేంటండీ? వినపడితే చాలు."

వచ్చాక ఎవరినీ ఏదీ అడిగేవారు కాదు. పెరట్లోకి వెళ్ళి పచ్చివెదుళ్ళు కొట్టి, వాటిని తడిపిన అరటినారతో బిగించి, మీద కొబ్బరాకు అల్లేవారు. మాకు శవం లేచేదాకా ఆ వీధిలో పొయ్యి వెలగదు. అందుకని పాడె కడుతూనే పిల్లల మీద ఒక కన్ను వేసి ఉంచేవారు. ఎవడి మొహమైనా వాడితే చాలు, పక్క వీధికి పోయి దబాయించి మజ్జిగ తెచ్చి పట్టేవారు. ఆయన నోట "చచ్చిపోయారు" అనే మాట నేనెన్నడూ వినలేదు. "బయల్దేరేరు" అనేవారు. శవంతో కూడా మాట్లాడేవారు. మా వీధిలో ఒక భారీ మనిషి పోయినప్పుడు పాడె భుజానికెత్తుకుంటూ, "అత్తయ్యగారూ, తవరు బతికున్నన్నాళ్ళూ మమ్మల్ని మోసేరు, నిజవేనండి. కానీ మావోళ్ళు బక్కోళ్ళండీ, కాస్త తేలిక చేసుకోండి" అన్నారు. ఏడుస్తున్న కోడళ్ళు కొంగు నోట్లో కుక్కుకున్నారు.

ఆయన అన్ని పేటలకీ వెళ్ళేవారు. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. పెద్దలు కొందరు పిలిచి మందలించారు. ఆ పేటలో శవాన్ని నువ్వెలా ముట్టుకున్నావు అన్నారు. బావగారు చేతులు కట్టుకుని వినయంగా నిలబడి, "ఆయ్, తప్పేనండి. కానీ ఎవరి చావుకెళ్ళినా తల మీంచి స్నానం చేస్తాం కదండీ. అదీ ఆ నీళ్ళతోనే పోద్దండీ, వేరేగా ఇంకో చెంబు అక్కర్లేదండి" అన్నారు. శాస్త్రమంతా చదివిన నోళ్ళు మూతపడ్డం చూసి ఆవేళ నేను ఆకలి లేకుండానే రెండుసార్లు భోంచేశాను.

ఇంకొక్కటి చెప్పి ముందుకు వెళ్తాను. శ్రావణమాసంలో ఒక ముసలాయన పోయారు. ఆయన అన్న కొడుకులు ఇద్దరు గట్టు తగాదాతో మాటలు లేకుండా ఉన్నారు. నువ్వు పట్టుకుంటే నేను పట్టుకోనని పాడె దగ్గరే భీష్మించారు. వాన కురుస్తోంది. పురోహితుడు గొడుగు కింద గడియారం చూసుకుంటున్నాడు. బావగారు ఒకణ్ని రెక్కపట్టి ముందుకి లాగారు. రెండోవాణ్ని వెనక్కి నెట్టారు.

"తవరు ముందు, తవరు వెనకాల. ఇంక ఒకళ్ళ మొహం ఒకళ్ళకి కనపడదండి. నడవండి!"

బురదలో నడిచారు. కాలవ గట్టు దిగేచోట వెనకవాడు తట్టుకోలేక "ఒరేయ్ ఆగరా, కాలు జారిపోతంది" అన్నాడు. ముందువాడు ఆగి, "మెల్లిగా రా అన్నయ్యా" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఇద్దరూ ఒకే గొడుగు కింద వచ్చారు. బావగారు వాళ్ళ వెనకాల తడుస్తూ వచ్చారు.

అలాంటి మనిషిని గోదావరి ఊళ్ళోంచి వెళ్ళగొట్టింది. లంకని ఏటా కొంచెం కొంచెం కోసుకుంటూ వచ్చి, ముందు అరటితోట, తర్వాత పాక పట్టుకెళ్ళిపోయింది. గోడ విరిగి నీళ్ళలో పడుతుంటే ఆయన గట్టు మీద నిలబడి, "బయల్దేరింది బావగారూ" అన్నారు నాతో. అప్పటికి భార్య లేదు. నేను మా కొట్టు వెనక గది ఇస్తానన్నాను, సరేనన్నారు. ఈలోగా ఒక్కగానొక్క కూతురు హైదరాబాదు నించి వచ్చింది. అల్లుడికి అక్కడ ఒక కంపెనీలో ఉద్యోగం, ఆ అమ్మాయిదీ ఏదో చిన్న ఉద్యోగం. "నాన్న దిక్కులేనోడిలా కొట్టు వెనకాల ఉంటే మాకెంత తలవంపులు బాబాయిగారూ" అని ఏడ్చింది. ఊళ్ళో అందరి ఏడుపులూ ఓదార్చిన మనిషి, సొంత కూతురి ఏడుపు ముందు నిలబడలేకపోయారు. వెళ్ళారు.

తర్వాత కొన్నాళ్ళకి నా కంటికి మందు వేయించుకోవడానికి హైదరాబాదు వెళ్ళి ఆయన్ని వెతుక్కుంటూ పోయాను. సందులో సందు. కింద ఇంటి యజమాని, మీద రెండు వాటాలు. గోడని అంటించి కట్టిన సన్నటి మెట్లు. పైన వసారాకి ఇనప కటకటాలు. వాటి వెనకాల బావగారు ముక్కాలిపీట మీద కూర్చుని వీధిలోకి చూస్తున్నారు.

"గంప కింద కోడిలా ఉన్నారేంటండీ బావగారూ!" అన్నాను నవ్వుతూ.

"గంప కింద కోడికి తెల్లారితే విడుదలుంటదండీ" అన్నారు.

ఆయన నవ్వలేదు. నాకు నవ్వు మధ్యలో ఆగిపోయింది.

కూతురు కాఫీ ఇస్తూ మెల్లిగా ఇంటివాళ్ళ చట్టాలు చెప్పింది. గోడకి మేకు కొట్టకూడదు. కారం దంచకూడదు. చుట్టాలొస్తే ముందుగా చెప్పాలి. గేటుకి వేళకి తాళం పడిపోతుంది. నీళ్ళు పొద్దున్న కాసేపే, అప్పుడే స్నానాలూ బట్టలూ గిన్నెలూ అన్నీ.

"ఇవన్నీ నేను ఓర్చుకుంటానండి" అన్నారు బావగారు. "మనం అతుకులబొంతలోంచి వచ్చినోళ్ళం, మనకేంటండీ. కానీ బావగారూ, ఈ వీధిలో మనుషులు వెళ్తుంటారండి. బోల్డుమంది. మొగాళ్ళు, ఆడాళ్ళు. ఒక్కళ్ళు తలెత్తి చూడరండి."

"మీరే పలకరించలేకపోయారా?"

కూతురు నవ్వాపుకుంటూ లోపలికి పోయింది. పలకరించారట. సంచీతో వెళ్తున్న ఒకావిడని కటకటాల్లోంచి, "ఆయ్, ఏం కూరండీ అత్తయ్యగారూ ఇవాళ?" అని అడిగారట. మా వైపు అది నమస్కారంతో సమానం. జవాబు చెప్పకపోతే తప్పు. ఆ సాయంత్రం ఆవిడ మొగుడు వచ్చి, మీ పైవాటా ముసలాడు మా ఆడవాళ్ళని కూతలు కూస్తున్నాడని యజమానితో పోట్లాడాడు. యజమాని మెట్లెక్కి వచ్చి అల్లుణ్ని నిలదీశాడు. అల్లుడు మామగారి మొహం చూడకుండా, "కాస్త లోపల కూర్చోండి మావయ్యగారూ" అన్నాడు.

"వంకాయో బీరకాయో చెప్తే ఆవిడ సొమ్మేం పోద్దండీ?" అని నన్నడిగారు బావగారు. నిజంగానే అడిగారు.

సందు చివర పెద్ద రోడ్డుంది. దానికవతల ఒక టీకొట్టు, అక్కడ బెంచీ మీద మనుషులు కూర్చుని కబుర్లు చెప్పుకోవడం కటకటాల్లోంచి కనపడుతుంది. ఎన్నోసార్లు అక్కడికి బయల్దేరారట. రోడ్డు అంచున నిలబడి లారీలూ బస్సులూ తగ్గుతాయేమో అని చూసి చూసి వెనక్కొచ్చేవారట. "వరద గోదాట్లో దూడ తోక పట్టుకుని ఈదేనండీ. ఇది ఈదలేకపోయేను" అన్నారు. నేను చెయ్యి పట్టుకుని అవతలికి తీసుకెళ్ళాను. టీ తాగాం. బెంచీ మీద ఉన్నవాళ్ళని అందరినీ బావగారూ అన్నారు. ఒకడు మాత్రం వింతగా చూసి, "ఆంధ్రానా?" అన్నాడు. తిరిగి వస్తూ నా చెయ్యి వదల్లేదు. నేను బస్సెక్కేదాకా వదల్లేదు.

ఆ తర్వాత జరిగింది కూతురు చెప్పగా విన్నది.

ఒకరోజు పొద్దున్న పక్కింట్లోంచి ఏడుపు వినపడింది. బావగారు అన్నం తింటున్నారు. కంచంలో చెయ్యి కడిగేసుకుని, పెట్టె అడుగు నించి కత్తి తీసి మొల్లో దోపుకుని, ఆ మెట్లు దిగి వెళ్ళిపోయారు. కూతురు వద్దనేలోపే గేటు దాటేశారు. పక్కింటాయన గుండె ఆగి పోయాడు. లోపల ఆయన భార్యా కూతురూ తప్ప ఎవరూ లేరు. మా బావగారు గుమ్మంలో నిలబడి, "నేనున్నానండీ అత్తయ్యగారూ, తవరేం కంగారుపడకండి" అని చెప్పి, వెదుళ్ళ కోసం బయల్దేరారు.

ఆ వీధిలో వెదురెక్కడ దొరుకుతుంది? కూతురు వాళ్ళ ఇంటి యజమాని వాకిట్లో మల్లెపందిరికి నాలుగు వెదుళ్ళు నిలబెట్టి ఉన్నాయి. బావగారికి అందులో తప్పు కనపడలేదు. మా ఊళ్ళో చావుకోసం ఎవరి పెరట్లో వెదురు కొట్టినా ఎవరూ అడగరు, అడిగితే ఊరు ఉమ్మేస్తుంది. పందిరి విప్పారు. బట్టలారేసుకునే తాడు తీసుకున్నారు. మల్లెతీగల పక్కనే కూర్చుని, ఎన్నో నెలల తర్వాత మొహంలో కళతో, శ్రద్ధగా పాడె కట్టారు. "నాన్న కూనిరాగం తీసేరు బాబాయిగారూ" అంది ఆ పిల్ల.

కట్టడం అయ్యాక పక్కింటికి వెళ్ళి చూస్తే తలుపుకి తాళం. వాళ్ళు ఎక్కడికో ఫోన్ చేశారు, వ్యాను వచ్చింది, ఇద్దరు మనుషులు దిగి ఎక్కించారు, తీసుకుపోయారు. వీధిలో ఒక్క కిటికీ కూడా తెరుచుకోలేదు.

మధ్యాహ్నం యజమాని ఆఫీసు నించి వచ్చి గేటు తీశాడు. సొంత వాకిట్లో, సొంత గుమ్మానికి ఎదురుగా ఖాళీ పాడె. ఆ మనిషి గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయాడట. ఖాళీ పాడె ఇంటి ముందుంటే ఆ ఇంట్లోంచి మనిషిని తీసుకుపోతుందని అంటారు. ఇంటావిడ లోపలినించి చూసి కెవ్వుమంది. బావగారికి అప్పటికి గానీ తానేం చేశారో తెలియలేదు. "విప్పెయ్యి! ముందది విప్పెయ్యి!" అని యజమాని అరుస్తుంటే, పాడె పక్కన కూర్చుని ముడులు తడుముకుంటూ, "కట్టడవే గానీ విప్పడం ఎప్పుడూ చెయ్యలేదండీ" అన్నారట.

ఆ ఇంట్లో శాంతి చేయించారు. వాకిలంతా పసుపునీళ్ళతో కడిగారు. ముసలాయన్నైనా ఊరు పంపండి, ఇల్లైనా ఖాళీ చెయ్యండి అన్నాడు యజమాని. అల్లుడు కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆ రోజు నించీ కూతురూ అల్లుడూ ఉద్యోగాలకి వెళ్తూ బయట గొళ్ళెం పెట్టేవారు. అలా గొళ్ళెం పెట్టి వెళ్ళేటప్పుడు ఆ అమ్మాయి రోజూ ఏడ్చేదట. ఏడ్చింది, పెట్టింది కూడా. నేను ఆ పిల్లని తప్పు పట్టలేను. ఇల్లు పోతే ఇంకో ఇల్లు దొరకడం ఎంత కష్టమో ఆ ఊళ్ళో కాలుపెట్టినవాడికి గానీ తెలియదు.

మరుసటి వేసవిలో ఆయనకి జబ్బు చేసింది. కడుపులో రాచపుండు. డాక్టరు చెయ్యగలిగిందేమీ లేదన్నాడు. కబురు విని వెళ్ళాను. మెట్ల మీద కాలు పెట్టబోతుంటే కింద షెడ్డులోంచి, "ఇక్కడండీ బావగారూ" అని వినపడింది.

కారు లేని కారు షెడ్డు. ఒక మూల స్కూటరు, ఇంకో మూల గడ్డకట్టిన సిమెంటు బస్తాలు. పెట్రోలు కంపు. మధ్యలో నవ్వారు మంచం. ముందు రేకు తలుపు సగం తెరిచి ఉంది. మా బావగారు అందులో మూటలా ఉన్నారు.

"తలుపు నేనే తీసుంచమన్నానండి. ఎవరైనా చూసిపోతారేమో అని." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "ఒక కుక్కొచ్చింది. మంచిదండీ. కాసేపు కూర్చుంది."

"వీధివాళ్ళు ఎవరూ రాలేదా?"

"పాపం, ఆఫీసులుంటాయి కదండీ."

వాళ్ళనీ వెనకేసుకొచ్చారు. నేను ఆయన్ని మా ఊరు తీసుకుపోతానన్నాను. డాక్టరు కదిపితే రైల్లోనే పోతారన్నాడు. అప్పుడు బావగారు నా వేలు పట్టుకుని ఒకే ఒక్కటి కోరారు. "పైకి తీసుకెళ్ళమనండి బావగారూ. పైనైతే అమ్మాయి గిన్నెల చప్పుడు వినపడతదండీ. ఇక్కడ ఏవీ వినపడట్లేదు."

అంతే. ఆ మనిషికి కావలసింది తీర్థమూ కాదు, క్షేత్రమూ కాదు. ఆ గోడకవతల గిన్నెల చప్పుడు.

నేను తిన్నగా యజమాని దగ్గరికి వెళ్ళాను. నలభై దాటిన మనిషి, మెత్తగా మాట్లాడతాడు. రెండు మాటలు వినేసరికే ఆ యాస పోల్చుకున్నాను. "మీదే ఊరండీ?" అన్నాను. మామిడికుదురు వైపట. నాకు కోపం రెట్టింపైంది.

"మన వైపు మనిషై ఉండి చావబోయేవాణ్ని షెడ్డులో పెట్టించేరా?"

"పంచకం నక్షత్రాలొస్తున్నాయండి" అన్నాడు, నా మొహం చూడకుండా. "ధనిష్ఠలో పోతే ఇల్లు నెలల తరబడి తాళం పెట్టాలండి. పిల్లల్ని పెట్టుకుని మేమెక్కడికి పోతావండీ?"

"షెడ్డు మీ ఇల్లు కాదా?"

"షెడ్డు విడిగా ఉందండి. పంతులుగారిని అడిగేనండి."

"పంతులుగారి అమ్మ ఎక్కడ పోయిందో అది కూడా అడిగేరా?"

నసుగుతూ, "మన వైపూ ఆఖర్న అరుగు మీదకి తెస్తారు కదండీ" అన్నాడు.

"ఆఖరి ఊపిరికి తెస్తారయ్యా! కొడుకులు తల ఒళ్ళో పెట్టుకుని తులసినీళ్ళు పోస్తూ తెస్తారు. ముందుగానే తెచ్చి స్కూటరు పక్కన పడేసి పోరు. నిజం చెప్పండి, ఎందుకు చేసేరీ పని?"

"ఆలోచిస్తానండి" అన్నాడు. అదీ జవాబు.

ఆలోచించాడో లేదో నాకు తెలియదు. నా మకాం అక్కడ ఎన్నాళ్ళో సాగదు కదా, చుట్టం వచ్చినా ముందు చెప్పాలన్న ఇల్లది. బావగారి చేతిలో చెయ్యి పెట్టి, రైలెక్కాను. నేను ఊరు చేరిన కొద్ది రోజులకే ఆయన బయల్దేరారు. మిట్టమధ్యాహ్నం. కూతురు పైన గంజి వారుస్తోంది. దిగి వచ్చి చూస్తే అయిపోయింది. ఆ పిల్ల ఏడుపు వీధంతా వినపడే ఉంటుంది. ఎదురింట్లో కుక్కరు ఈల వేస్తూనే ఉందట, పక్క వాటాలో పప్పు రుబ్బుతూనే ఉన్నారట. ఎవరి పొయ్యీ ఆరలేదు. వ్యాను వచ్చి తీసుకుపోయింది. "ఏం చెయ్యమంటారు బాబాయిగారూ" అని నన్నే అడిగింది ఆ పిల్ల.

ఆ పని ఎందుకు చేశారని మళ్ళీ అడుగుతూ యజమానికి ఒక కార్డు రాశాను. నాకు రాదనుకున్న కఠినమైన తెలుగంతా అందులో వాడాను. జవాబు రాలేదు.

ఆ తర్వాత ఒకటి రెండేళ్ళకి, ముక్తేశ్వరం రేవులో కోటిపల్లి వెళ్ళే పంటు ఎక్కాను. రెండు నావలు జోడించి మీద బల్లలు పరిచిన ఆ పంటు మీద సైకిళ్ళూ గేదెలూ మనుషులూ కిక్కిరిసి ఉన్నారు. రేవు వదిలాక చూస్తే గడకర్ర పక్కన ఆ యజమాని. ఎవరి పెళ్ళికో సొంతూరు వచ్చి తిరిగి వెళ్తున్నాడట. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. ఎటు తిప్పుకున్నా గోదావరే. నేను గేదెని తప్పించుకుని పక్కకి చేరాను.

రేవులో నలుగురైదుగురు అతనికేసి చేతులూపుతున్నారు. ఇంకా గట్టు మీదే నిలబడి ఉన్నారు. వాళ్ళవైపే చూస్తున్నాడతను.

"ఎవరండీ వాళ్ళు?" అన్నాను.

"మా వీధివాళ్ళండి. చిన్నప్పటోళ్ళు. వద్దన్నా వచ్చేరు."

"అయితే మూడోసారి అడుగుతున్నాను. ఆ మనిషిని ఎందుకు దింపించేరు? నక్షత్రాల పేరెత్తకండి."

తిడతాడనుకున్నాను. నేనూ తిట్టడానికి సిద్ధంగా ఉన్నాను.

"నక్షత్రాలూ లేవు, పంచకాలూ లేవండీ. ఆ మాట అయితే ఎవరూ మారు అడగరని చెప్పేను. వ్యానువాళ్ళు మెట్లెక్కరు, ఆయన పైన పోతే ఆ మెట్ల మీంచి మనమే కిందికి దింపాలి కదండీ. దానికి నలుగురు కావాలి. ఎవరెవరా అని ఆఫీసులో కూర్చుని రోజల్లా అనుకున్నానండి. ఆయన అల్లుడొకడు. నేనొకణ్ని. మూడోవాడి పేరు సాయంత్రం దాకా తట్టలేదండీ నాకు. ఆ వీధిలో ఇల్లు కట్టుకుని ఎన్నేళ్ళయిందో తవరికి తెలీదు. అందుకనండి... ఆయన కాళ్ళల్లో ఓపికుండగానే దిగమన్నానండి."